నరికినవారు సరే, నరికించినవారెవరు?

శేషాచలం అడవులనుండి వచ్చే వార్తలను చదివే అలవాటున్న మిత్రులు ఒక సంగతి గమనించే ఉంటారు. ఆ వార్తలన్నిటిదీ ఒకటే మూస. ఎర్రచందనం దుంగల పట్టివేత, ఇందరు స్మగ్లర్ల అరెస్టు, మరికొందరు పరారీ, వాహనం స్వాధీనం. దాని క్రింద ఒక ఛాయాచిత్రం. వరుసగా పేర్చిన ఎర్రని దుంగలు, వాటి ముందు తలలు దించుకొని గొంతుక్కూర్చున్న బక్కపలుచని మనుషులు, వారి వెనుక నిటారుగా నిలబడ్డ అధికారులు. ఊరిపేరు మారుతుంది, దుంగల సంఖ్య మారుతుంది, తేదీ మారుతుంది. మిగిలినదంతా ఏళ్ళ తరబడి అదే.

ఆ వార్తలో ఒక పదం మాత్రం దాదాపు ఎన్నడూ కనబడదు. ఆ లేని పదం గురించే ఈ టపా.

నేను ముప్పైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రమించినవాణ్ణి. ప్రేరణార్థక క్రియల పాఠం చెప్పేటప్పుడు నల్లబల్లమీద రెండు వాక్యాలు వ్రాసి చూపేవాణ్ణి. కూలి చెట్టును నరికెను. యజమాని కూలిచేత చెట్టును నరికించెను. మొదటి వాక్యంలో కర్త కూలి ఒక్కడే. రెండవ వాక్యంలో కూలి పని పోలేదు, గొడ్డలి ఇంకా అతని చేతిలోనే ఉన్నది. కాని అతడిప్పుడు ప్రయోజ్యకర్త. పని చేయించినవాడు ప్రయోజకకర్త. క్రియకు ఒక్క 'ఇంచు' చేరగానే వాక్యంలోకి అంతవరకూ కనబడని మనిషి వచ్చి నిలుచుంటాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్క పూటలో బోధపడే ఈ భేదం మన పత్రికలకు, పోలీసులకు, పాలకులకు ఎందుకో బోధపడకుండా ఉన్నది. శేషాచలం వార్తల్లో ఎక్కడ చూసినా 'నరికారు' అన్న క్రియే. 'నరికించారు' అన్న క్రియ వాడవలసి వస్తే కర్త పేరు వ్రాయవలసి వస్తుంది.

నా వాదమేమిటో ముందే చెప్పేస్తాను. మనం ప్రయోజ్యకర్తను పట్టుకొని, చచ్చిన చెట్టును తూచి, దానికి అటవీ సంరక్షణ అని పేరు పెట్టుకున్నాం. ఈ లెక్క మారనంతకాలం ఎన్ని తుపాకులు పెట్టినా ఆ చెట్టు మనకు దక్కదు.

అసలా చెట్టేమిటో మనలో చాలామందికి తెలియదు కనుక కొంచెం చెప్పాలి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, నల్లమల దక్షిణపు అంచు. పాత జిల్లాల లెక్కన కడప, చిత్తూరు, నెల్లూరు, కొంతమేర ప్రకాశం, కర్నూలు. పొరుగు రాష్ట్రాల సరిహద్దు కొండల్లో ఏ కాస్తో ఉన్నది. అంతే. తెలుగుగడ్డను తన జన్మభూమిగా ఎంచుకొన్న వృక్షం ఏదైనా ఉన్నదంటే ఇదే. అమరకోశం రక్తచందనానికి పర్యాయపదాలు చెబుతూ 'రంజనం' అన్నది, 'కుచందనం' అనీ అన్నది. రంజనం ఎందుకంటే దాని కొయ్యనుండి ఎర్రని రంగు వస్తుంది. కుచందనం ఎందుకంటే, పేరులో చందనమే గాని సువాసన లేదు. మంచిగంధం జాతి వేరు, దీని జాతి వేరు. పరిమళం కోసం దీన్ని దొంగిలిస్తున్నారని నేటికీ అనుకొనేవారున్నారు, అది పొరపాటు.

రాతినేల, ఎర్రటి ఎండ, తక్కువ వాన. అటువంటి చోట ఈ చెట్టు నిదానంగా పెరుగుతుంది. బెరడు మొసలి చర్మంలా నల్లగా పలకలుపలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెడితే ఎర్రని స్రావం కారుతుంది. వేసవిలో పసుపుపచ్చని పూలు పూస్తుంది. కాయలకు చుట్టూ రెక్క ఉండి గాలికి ఎగిరిపోతాయి. కాని మొలకెత్తేవి తక్కువ. మొలిచినవి కార్చిచ్చును, పశువుల నోటిని తప్పించుకొని మానులు కావాలి. మాను లోపల ముదురు ఎరుపు చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ నీళ్ళలో వేస్తే మునిగేటంత బరువైనది. దొంగకు కావలసింది ఆ చేవ ఒక్కటే. పైనున్న తెల్లని భాగాన్ని అడవిలోనే గొడ్డలితో చెక్కి పారేసి, లోపలి దుంగను భుజాన వేసుకొని దిగుతారు. వయసు ముదిరినకొద్దీ చేవ ఎక్కువ. కాబట్టి గొడ్డలి ముందుగా వెతికేది వృద్ధవృక్షాన్నే. విత్తనాలు పంచిపెట్టవలసిన తల్లిచెట్టే ముందు పోతుంది. ఒక చెట్టు పోయిందని మనం లెక్కవేసిన చోట, నిజానికి దాని సంతతి కూడా పోయింది.

దీన్ని ఎవరు కొంటారు? మన పల్లెల్లో ఎవరూ కొనరు. దసరా బొమ్మలకొలువులో నిలిపే తిరుపతి చెక్కబొమ్మల జంటను పూర్వం ఈ కొయ్యతో చెక్కేవారు; ఆయుర్వేదంలో కొంత వాడతారు; మన వాడకం ఆపాటిది. గిరాకీ అంతా సముద్రం అవతల. చైనాలో దీన్ని 'జితాన్' అంటారు. చింగ్ వంశపు చక్రవర్తుల కాలంనుండి ఆ కొయ్యతో చేసిన సింహాసనాలు, బీరువాలు, మంచాలు వైభవానికి గుర్తులు. బీజింగులో 1999లో ఈ కొయ్య పనితనానికే ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల వెలిసింది. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యపు దండిని ఈ కొయ్యతో చేస్తారు. అవతల ధనికుడి ఇంట ఒక కుర్చీ, ఇవతల కొండమీద ఒక మోడు. ఈ రెంటినీ కలిపే గొలుసు చాలా పొడవైనది. గొడ్డలి పట్టినవాడు, మోసినవాడు, వారిని పోగుచేసిన మేస్త్రీ, కొండ దిగువన డంపు కాపలాదారు, పైలట్ వాహనం నడిపినవాడు, లారీవాడు, గోదాము ఇచ్చినవాడు, దొంగపత్రాలు పుట్టించినవాడు, కంటెయినరులో వేరే సరుకు పేరు వ్రాసి ఓడ ఎక్కించినవాడు, అవతలి రేవులో దించుకున్నవాడు, వీరందరికీ పెట్టుబడి పెట్టినవాడు. పత్రికల్లో మనం చూసే ముఖాలు ఈ గొలుసులోని మొదటి రెండు మూడు కొలికులవి. డబ్బంతా చివరి కొలికుల్లో ఉన్నది.

ఆ మొదటి కొలికిలో ఉన్నవారు ఎవరు? చాలామంది తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం ప్రాంతాల కొండపల్లెలవారు. జవ్వాదు కొండల్లాంటి చోట్ల పుట్టి, కొండ ఎక్కడం, గొడ్డలి పట్టడం చిన్ననాటినుండి తెలిసినవారు. ఊళ్ళో పని లేదు, మెట్టసేద్యం తిండి పెట్టదు. మేస్త్రీ వచ్చి కొంత సొమ్ము చేతిలో పెడతాడు. 2015 ఏప్రిల్ 7న తిరుపతి దగ్గరి శేషాచలం అడవిలో అటువంటివారు 20 మంది టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో మరణించారు. రాళ్ళతో, గొడ్డళ్ళతో తమమీద దాడి చేశారనీ, ఆత్మరక్షణ కోసం కాల్చామనీ పోలీసులు చెప్పారు. చనిపోయినవారిలో కొందరిని ముందురోజే దారిలో పట్టుకొని తీసుకువెళ్ళారని, తప్పించుకొని బయటపడ్డవారు జాతీయ మానవ హక్కుల కమిషను ముందు చెప్పారు. 2018 ఫిబ్రవరిలో ఒంటిమిట్ట చెరువులో అయిదు శవాలు తేలాయి. చెట్లు నరకడానికి వచ్చిన తమిళనాడు కూలీలని వార్తలు వచ్చాయి. కోదండరాముడి ఆలయం ఉన్న ఒంటిమిట్ట అది. అక్కడి కల్యాణం వార్త తెలియని తెలుగువాడు లేడు. ఆ చెరువు వార్త ఎందరికి గుర్తుంది?

ఇక్కడ కొందరు మిత్రులు కోపగించుకుంటారని నాకు తెలుసు. మా బేగంపేటలో ఉదయపు నడకలో కలిసే ఒకాయన, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి విశ్రమించినవారు, నాతో సూటిగానే వాదించారు. "మాస్టారూ, మీరు మరీ జాలిపడుతున్నారు. రక్షిత అడవిలోకి గొడ్డలి పట్టుకొని వెళ్ళినవాడు దొంగ కాడా? వాళ్ళు మన అధికారులను చంపలేదా?" అన్నారు.

చంపారు. దాన్ని నేను దాచను. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను దారుణంగా చంపారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో వాహనాన్ని ఆపబోయిన టాస్క్‌ఫోర్సు కానిస్టేబులును కారుతో గుద్ది చంపారు. వారి ఇళ్ళలో ఆరిన దీపాలకు ఏ వాదమూ సమాధానం కాదు. కాని ఆ మిత్రునికి నేను వేసిన ప్రశ్న ఒకటే. చనిపోయిన అధికారీ జీతగాడే, చనిపోయిన కూలీ కూలిగాడే. ఇద్దరినీ ఆ అడవిలో ఎదురెదురుగా నిలబెట్టిన సొమ్ము ఎవరిది? ఇరుపక్కలా శవాలు లేస్తున్నాయి. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం ఏ పక్కనా చావడం లేదు. కూలీ చేసినది నేరమే. చట్టప్రకారం న్యాయస్థానంలో విచారించి శిక్షించండి. నరికినవాణ్ణి వదిలేయమని నేననడం లేదు. నరికించినవాడిని వదిలేసి ఇరవైమంది నరికినవారిని చంపినా అడవికి ఒక్క రోజు ఊరట రాదంటున్నాను. మరునాడు మేస్త్రీ మరో పల్లెకు వెళతాడు. పేదరికం ఉన్నంతకాలం ప్రయోజ్యకర్తలకు కరువు ఉండదు.

వీరప్పన్ ఉదంతం గుర్తు చేసుకోండి. సత్యమంగళం అడవుల మంచిగంధం, ఏనుగు దంతాలు. 2004 అక్టోబరులో అతడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. అతడి మీసం దక్షిణాదిలో పిల్లవాడికి కూడా తెలుసు. అతడి దగ్గర గంధం కొన్న వర్తకుల పేర్లు ఎవరికి తెలుసు? దంతాలు ఏ ఇంటి అలమారులో ఉన్నాయో ఎవరికి తెలుసు? దొంగ చరిత్రకెక్కాడు, దొంగసొత్తు కొన్నవాడు గౌరవనీయుడిగా మిగిలిపోయాడు.

ఇక లెక్క సంగతి. మన ప్రభుత్వాలు, ఏ పార్టీ అయినా సరే, ఎర్రచందనంలో తమ విజయాన్ని చెప్పుకొనేది టన్నుల్లో. ఇన్ని టన్నులు పట్టుకున్నాం, గోదాములో ఇన్ని టన్నులున్నాయి, వేలంలో ఇన్ని కోట్లు వచ్చాయి. మిత్రులారా, పట్టుబడిన ప్రతి దుంగా అప్పటికే చచ్చిన చెట్టు. గోదాము నిండిందంటే కొండ ఖాళీ అయిందని అర్థం. పట్టుబడ్డ దుంగల సంఖ్య పెరిగితే అది పోలీసుల చురుకుదనమా, దొంగల చురుకుదనమా? రెండూ కావచ్చు. ఆ అంకె చెట్టు గురించి ఏమీ చెప్పదు. ఊళ్ళో మశూచి వచ్చినప్పుడు వైద్యుడు ఎన్ని శవాలను దహనం చేయించాడో చెప్పి మెడలో దండ వేయించుకున్నట్టున్నది ఈ వ్యవహారం.

చెట్టు గురించి చెప్పే అంకెలు వేరే ఉన్నాయి. 1995లోనే ఎర్రచందనాన్ని సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. అంటే అంతర్జాతీయ వాణిజ్యంమీద అదుపు ఉండాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఇది 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అన్న వర్గంలో ఉండేది. 2018లో దాన్ని కొంచెం మేలైన వర్గంలోకి మార్చారు. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. తరువాతి మదింపులో మళ్ళీ ప్రమాదపు వర్గంలోకే తెచ్చారు. గడచిన మూడు వృక్షతరాల్లో ఈ చెట్ల సంఖ్య 50 నుండి 80 శాతం దాకా తగ్గిందని ఆ మదింపు చెప్పింది. మధ్యలో ఏం జరిగిందో చూడండి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నాటిది. శేషాచలం జీవావరణ మండలం 2010 నాటిది. ప్రత్యేక టాస్క్‌ఫోర్సు వచ్చింది. 2016లో అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. పేర్లు పెరిగాయి, బోర్డులు పెరిగాయి, తుపాకులు పెరిగాయి, జైలు ఏళ్ళు పెరిగాయి. చెట్టు తగ్గింది.

వేలం విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. పట్టుకున్న దుంగలను ఊరికే కుళ్ళబెట్టలేం కదా, అమ్మి ఆ డబ్బు ప్రజలకు ఖర్చుపెడితే తప్పేమిటి అంటారు. సబబైన ప్రశ్నే. చట్టబద్ధంగా సరుకు దొరికితే దొంగసరుకు ధర పడిపోతుందని వాదించేవారూ ఉన్నారు. కాని రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, పత్రం ఉన్న దుంగా పత్రం లేని దుంగా చూపులకు ఒకటే. వేలంలో కొన్నదాని పత్రం చూపి దొంగదాన్ని దాటించే అవకాశం ఎప్పుడూ పొంచి ఉంటుంది. రెండు, ఖజానాకు చచ్చిన చెట్టు నుండే డబ్బు వస్తుంది, బ్రతికిన చెట్టు నుండి ఖర్చు తప్ప రాబడి లేదు. ఇటువంటి ఖజానా చెట్టు బ్రతకాలని ఎంత గట్టిగా కోరుకుంటుంది? స్మగ్లరు కొండవైపు చూసినప్పుడు అతనికి కనబడేది దుంగలు. వేలం బల్ల ముందు కూర్చున్న సర్కారుకూ కనబడేది దుంగలే. చూపు ఒకటైనప్పుడు, ఒకడు దొంగ, ఒకరు కాపలాదారు అని ఎంతకాలం చెప్పుకోగలం?

సినిమా మాట ఎత్తకుండా ఈ విషయం ముగియదు. 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. 2024 డిసెంబరులో రెండవ భాగం వచ్చింది. ఎర్రచందనపు కూలీ స్మగ్లర్ల నాయకుడయ్యే కథ. ఆ పాత్రకు కథానాయకుడికి జాతీయ పురస్కారం కూడా లభించింది. 2024 ఆగస్టులో బెంగళూరులో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి, అటవీశాఖ మంత్రి పవన్ కల్యాణ్ దీనిమీద బాధపడ్డారు. ఒకప్పటి కథానాయకుడు అడవిని కాపాడేవాడు, నేటి కథానాయకుడు అడవిని నరికేవాడు అయ్యాడన్నది ఆయన భావం. కన్నడంలో 1973 నాటి 'గంధద గుడి'లో రాజ్‌కుమార్ అటవీ అధికారి పాత్ర వేశారు కనుక ఆ పోలికలో నిజం ఉన్నది. అయినా నా కోపం సినిమామీద కాదు. కల్పిత కథకు అడవి నరకగల శక్తి లేదు. పైగా, పత్రికల ఛాయాచిత్రాల్లో తలదించుకొని కూర్చున్న కూలీకి ఆ సినిమా ఒక పేరూ ఒక యాసా ఇచ్చింది. నా బాధ మరొకటి. మన నేలలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు ఉన్నదని కోట్లాది తెలుగువారికి తెలిసింది ఒక స్మగ్లరు కథ వల్ల. అంతకుముందు ఏ బడీ చెప్పలేదు, ఏ పండితుడూ చెప్పలేదు. ఏడుకొండల పేర్లు గడగడ చెప్పగలవాళ్ళం, ఆ కొండమీద నిలబడ్డ చెట్టు ఆకు ఎలా ఉంటుందో చెప్పలేం. దేవుడి కొండ అని మొక్కినంత మాత్రాన కొండ మిగలదు.

"మీరు బేగంపేటలో కూర్చొని రాయలసీమ చెట్టు గురించి ఆవేశపడటమెందుకు? రాష్ట్రమే వేరైంది కదా" అని కూడా అడుగుతారు. రాష్ట్రం వేరైనా రీతి వేరు కాలేదు. గోదావరి తీరపు టేకు కథ కూడా ఇదే. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాలలోనూ టేకు మానులు దొంగచాటుగా కూలాయి. 2019 ఆరంభంలో కలప దొంగలమీద పీడీ చట్టం ప్రయోగిస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఆ టేకు నగరానికే వస్తుంది. మన అపార్టుమెంట్ల సింహద్వారాలకు, మన పెళ్ళిమంచాలకు. పాతచెట్టు టేకు కావాలని అడిగే మనం, అది ఏ అడవిదని ఎన్నడైనా అడిగామా? రశీదు అడిగామా? బీజింగు కొనుగోలుదారును తిట్టడం సులభం. ప్రయోజకకర్తల వరుసలో నగరవాసి కూడా ఎక్కడో ఒకచోట నిలబడి ఉన్నాడు.

మరి ఏం చేయాలి? తిట్టి ఊరుకోవడం ఉపాధ్యాయ లక్షణం కాదు కనుక నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, లెక్క మార్చండి. ఏటేటా ఎన్ని టన్నులు పట్టుకున్నారో చెప్పడం మాని, ఎంపిక చేసిన అటవీఖండాల్లో ఎన్ని ఎర్రచందనపు మానులు నిలబడి ఉన్నాయో, ఎన్ని మొలకలు చెట్లవుతున్నాయో లెక్కించి ప్రజలముందు పెట్టండి. అధికారికి మెప్పు రావలసింది నిలబడ్డ చెట్టును చూసి.

రెండవది, ప్రతి దుంగ కేసునూ పైకి నడిపించండి. కొండనుండి దిగువకు కాదు, డబ్బు వచ్చిన దారిలో పైకి. 2015 ఫిబ్రవరిలో ఎర్రచందనం కేసుల్లోని ఒక ప్రధాన నిందితుణ్ణి మారిషస్‌లో పట్టుకొని, అదే ఏడాది నవంబరులో మనదేశానికి తెచ్చారు. తలచుకుంటే మన చట్టం సముద్రం దాటగలదని దానితో తేలిపోయింది. అది ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాకూడదు. ఓడరేవుల్లో పట్టుబడ్డ ప్రతి కంటెయినరు వెనుక ఎగుమతిదారు ఉన్నాడు, బ్యాంకు ఖాతా ఉన్నది, గోదాము అద్దె రశీదు ఉన్నది. కొండమీద రాత్రిపూట కూంబింగు చేయడం కంటే పట్టపగలు ఆ ఖాతాలు తిరగేయడం సులభం. అందులో ఎవరూ చావరు కూడా.

మూడవది, వేలంసొమ్ము ఎటు పోయిందో చెప్పండి. అడవిలో కాలినడకన తిరిగే ప్రొటెక్షన్ వాచరుకు వేళకు జీతం, బేస్ క్యాంపులో తిండీ నీళ్ళూ, మంటల నివారణ, మొక్కల పెంపకం. ముందు వీటికి ఖర్చుపెట్టిన తరువాతనే మిగిలినది ఖజానాకు పోవాలి.

నాల్గవది, రెండు రాష్ట్రాలూ కలిసి జవ్వాదు కొండల పల్లెల్లో పని కల్పించాలి. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుకు పోటీగా నిలబడేది తుపాకి కాదు, నెలనెలా చేతికందే కూలి.

అయిదవది, రైతు పెంచిన ఎర్రచందనానికి దారి సుగమం చేయండి. 2023 నవంబరులో సైటిస్ స్థాయీసంఘం మన ఎర్రచందనాన్ని ప్రత్యేక సమీక్షనుండి తప్పించింది. సాగుదారులకు ఇది మేలు చేస్తుందని కేంద్రం చెప్పింది. మంచిదే. కాని తోట పెంచినవాడు చేవకోసం దశాబ్దాలు ఎదురుచూడాలి. అడవి గొడ్డలికి ఒక్క రాత్రి చాలు. తోటకొయ్యకు ఇచ్చే అనుమతి అడవికొయ్యకు ముసుగు కాకుండా చూడగలిగితేనే ఈ మేలు మేలవుతుంది.

ఆరవది నా వృత్తిలోనివారికి. ఎర్రచందనాన్ని పాఠంలోకి తీసుకురండి. పాఠ్యపుస్తకంలో ఎప్పుడు వస్తుందో అని ఎదురుచూడవద్దు. రంజనం, కుచందనం అన్న మాటలు చెప్పేటప్పుడు ఆ చెట్టు ఎక్కడ ఉంటుందో, ఎందుకు తరిగిపోతున్నదో కూడా చెప్పండి. ప్రేరణార్థకం చెప్పేటప్పుడు శేషాచలం వార్త ఒకటి తెచ్చి, ఇందులో ప్రయోజకకర్త ఎవరు అని పిల్లల్ని అడగండి. పిల్లలు అడగడం నేర్చుకుంటే పెద్దలకు జవాబు చెప్పవలసి వస్తుంది.

చేవ అన్న మాటకు మన భాషలో రెండర్థాలు. చెట్టు గుండెలో గట్టిపడ్డ కొయ్య ఒకటి, మనిషిలోని సత్తా ఒకటి. మొదటిదాన్ని ఓడలకెక్కిస్తున్నవారి పేర్లు బయటపెట్టడానికి రెండవది కావాలి. అది ప్రభుత్వానికి ఉన్నదో లేదో, దుంగల ఎదుట తీయించుకున్న ఛాయాచిత్రాలవల్ల తెలియదు. 'నరికించారు' అన్న క్రియకు కర్తను చేర్చి ఒక్క వాక్యం వ్రాసిననాడు తెలుస్తుంది.

మిత్రులు ఏకీభవించినా విభేదించినా వ్యాఖ్యానించగలరు.